22 మందికి కుర్చీలు మార్చాలంటే 3.76 లక్షలు. తిరిగొస్తాయా?

బందరురోడ్డు
విజయవాడలో చిన్న మెడికల్ కోడింగ్ ఆఫీసు నడుపుతున్నాను. 22 మంది. తొమ్మిది గంటలూ కూర్చునే పని: డాక్టరు రాసింది చదవడం, జబ్బుకీ చికిత్సకీ బిల్లింగు కోడ్ వేయడం, తర్వాతి చార్టు తీయడం. 2021లో ఆఫీసు తెరిచినప్పుడు కుర్చీ 3,200 చొప్పున కొన్నాను. ఇప్పుడు సగం కుర్చీలకి హైడ్రాలిక్ పోయింది, కొన్నింటికి చేతులు ఊడాయి. నడుం దగ్గర ఆనుడు, చేతులు, సీటు లోతు అన్నీ సర్దుకునే మెష్ కుర్చీ 14,500 అంటున్నారు. 22కి 3,19,000, జీఎస్టీ 57,420, మొత్తం 3,76,420. పుణ్యం, ఆరోగ్యం సంగతి తర్వాత. వ్యాపారపరంగా ఈ డబ్బు తిరిగొస్తుందా? పెట్టి చూసినవాళ్లు చెప్పండి.

జమాఖర్చు
రాదు. 24 ఏళ్లుగా చిన్న కంపెనీల పద్దులు రాస్తున్నాను. ఫర్నిచర్ మీద ఏటా 10 శాతం తరుగుదల రాసుకోవడమే తప్ప, అది సంపాదించి పెట్టినట్టు ఒక్క బ్యాలెన్సు షీట్లోనూ చూడలేదు. హైడ్రాలిక్ సిలిండరు విడిగా దొరుకుతుంది. మార్పించండి, సరిపోతుంది.

పక్కబెంచి
మా ఆఫీసులో కుర్చీ బాగుందంటే ఎవరో సెలవులో ఉన్నారని అర్థం.

ఎల్4ఎల్5
సిలిండరు మార్చితే సరిపోతుందనే పెద్దమనిషి మా ఆఫీసులోనూ ఉండేవాడు. నా పేరు చూశారుగా, నడుంలో నాలుగు, ఐదు వెన్నుపూసలవి. అది సరదాకి పెట్టుకున్నది కాదు. 2019లో హైదరాబాద్‌లో ఒక కంపెనీలో చేసేవాణ్ని. నా కుర్చీ వెనక్కి వాలకుండా పట్టి ఉంచే చిన్న ఇనప నాలుక అరిగిపోయింది. ఆనుకుంటే వాలిపోతుంది, అందుకని ఆనుకోకుండా ముందుకు వంగి నాలుగు నెలలు పనిచేశాను. మూడుసార్లు కంప్లయింట్ పెట్టాను. మూడోసారి ‘చెక్ చేశాం, బాగానే ఉంది’ అని మూసేశారు. తర్వాత ఎడమ కాల్లోకి లాగడం, ఎమ్మారై, ఏడు వారాలు మంచం. ఆ ఏడు వారాల జీతం వాళ్లే ఇచ్చారు. నా మాడ్యూలు తెలిసిన మనిషి లేక క్లయింటుకి సంజాయిషీ కూడా వాళ్లే ఇచ్చుకున్నారు. లెక్క వేసుకోండి మరి.

జమాఖర్చు
డిస్కు జారడానికి కుర్చీయే కారణమని డాక్టరు రాసిచ్చాడా? హైదరాబాద్ రోడ్ల మీద రోజూ ముప్పై కిలోమీటర్లు బైకు తోలితే ఎవరికైనా జారుతుంది.

ఎల్4ఎల్5
నాకు బైకే లేదు.

జమాఖర్చు
బస్సయినా అంతే.

ఎల్4ఎల్5
మెట్రో!

ఇర్వింగ్_శ్రీను
ఇక్కడ డాలస్ దగ్గర మా ఆఫీసులో అందరికీ పైకీ కిందకీ జరిగే బల్లలు ఇచ్చారు, నిలబడి పనిచేసుకోమని. మొదటి నెల అందరం నిలబడ్డాం. ఇప్పుడు ఆ మీట నొక్కేవాళ్లు లేరు. వస్తువు ఇచ్చి ఊరుకుంటే ఇంతే.

కౌంటర్_వెనక
కూర్చునే ఉద్యోగం దొరికినవాళ్లు కుర్చీ గురించి కొట్టుకుంటున్నారు. చీరల షోరూంలో నేను పదకొండు గంటలు నిలబడతాను. కొనసాగించండి.

ఎల్4ఎల్5
@జమాఖర్చు నా సంగతి వదిలేయండి. అమెరికాలో పన్నులు వసూలు చేసే ఒక ప్రభుత్వ శాఖలో 200 మందికి పైగా ఉద్యోగుల మీద చేసిన అధ్యయనం 2003లో వచ్చింది. ఒక గుంపుకి మంచి కుర్చీ, దాన్ని ఎలా వాడాలో శిక్షణ. ఒక గుంపుకి శిక్షణ మాత్రమే. ఇంకో గుంపుకి అప్పటికి ఏమీ లేదు. కుర్చీ, శిక్షణ రెండూ అందినవాళ్లు వసూలు చేసిన పన్ను దాదాపు 18 శాతం పెరిగింది. ఉత్త శిక్షణతో చెప్పుకోదగ్గ తేడా లేదు. మీరు అడిగేది రూపాయల్లో లెక్కే కదా, ఇదిగో.

జమాఖర్చు
చదివాను. ఆ అధ్యయనానికి డబ్బు ఇచ్చింది కుర్చీల కంపెనీ. ఇంకో మాట. కుర్చీ ఇచ్చి శిక్షణ ఇవ్వని గుంపు అందులో లేనే లేదు. మరి 18 శాతం కుర్చీదా, రెండూ కలిసినందుకా? పైగా ఒక్క శాఖలో జరిగింది. దాన్ని తెచ్చి బందరు రోడ్డులో 22 మంది కోడర్లకి అతికిస్తే ఎలా?

ఎల్4ఎల్5
సరే, రెండూ ఇవ్వమనండి. శిక్షణకి గంట పడుతుంది.

మెష్‌బాబాయ్
బందరురోడ్డు గారూ, 57 వేలు ముందు లెక్కలోంచి తీసేయండి. ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది కదా, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు. అప్పుడు మనిషికి 14,500. ఐదేళ్లు వాడారనుకున్నా నెలకి 242, రోజుకి తొమ్మిదిన్నర రూపాయలు. టీ ఖర్చు.

జమాఖర్చు
తెలియకుండా చెప్పొద్దు. విదేశీ క్లయింటుకి పన్ను కట్టకుండా ఎల్‌యూటీ అనే హామీపత్రం మీద ఎగుమతి చేస్తుంటే, పేరుకున్న క్రెడిట్ రిఫండ్ అడిగేటప్పుడు క్యాపిటల్ గూడ్స్ మీద కట్టింది లెక్కలోకి రాదు. కుర్చీలు క్యాపిటల్ గూడ్స్, అంటే ఏళ్ల తరబడి వాడుకునే ఆస్తి.

బందరురోడ్డు
మాది నేరుగా ఎగుమతి కాదండీ. హైదరాబాద్ కంపెనీకి సబ్ కాంట్రాక్టు. 18 శాతం వేసే బిల్లు ఇస్తాం.

జమాఖర్చు
అది ముందే చెప్పాలి. అలాగైతే వాడుకోవచ్చు. కానీ జీఎస్టీతో కలిపిన ధర మీద తరుగుదల రాస్తే ఆ క్రెడిట్ పోతుంది. రెండూ కావాలంటే కుదరదు.

పక్కబెంచి
మెష్‌బాబాయ్‌కి ఆటోనగర్‌లో కుర్చీల షాపుంది, పోయిన నెల ఆయనే రాశాడు. ఊరికే గుర్తు చేస్తున్నా.

మెష్‌బాబాయ్
ఉంది. దాచానా? అమ్మేవాణ్ని కాబట్టే చెప్తున్నా, 22 కుర్చీలూ ఒకటే మోడల్ కొనకండి. అమెరికా వాళ్ల ఏరాన్ కుర్చీ 1994 నుంచీ మూడు సైజుల్లో వస్తోంది. మనవాళ్లేమో ఆరడుగుల కుర్రాడికీ ఐదడుగుల అమ్మాయికీ ఒకటే కొంటారు. చెప్పులు అలా కొంటామా? వెన్ను ఆనించి కూర్చున్నాక సీటు అంచుకీ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. పట్టకపోతే ఆ మనిషి ఆనుకోదు, ముందుకు జరిగి అంచు మీద కూర్చుంటుంది. అప్పుడు మీరు డబ్బు పోసిన నడుం ఆనుడు గాలికి ఆని ఉంటుంది.

ఎల్4ఎల్5
బందరురోడ్డు గారూ, మీరు కూర్చునే కుర్చీ ఎంత?

బందరురోడ్డు
దానికీ దీనికీ సంబంధం లేదు.

ఎల్4ఎల్5
ఎంత?

బందరురోడ్డు
38,000. క్యాబిన్‌కి క్లయింట్లు వస్తారు.

పక్కబెంచి
వెనక తెల్ల టర్కీ టవల్ ఉందా సార్, ఎమ్మార్వో ఆఫీసులో లాగా?

బందరురోడ్డు
వెటకారం ఎందుకు? లోను తీసుకుని ఆఫీసు పెట్టింది నేను. ఒకటో తారీఖు జీతం దాటనివ్వకుండా టెన్షన్ పడేది నేను. ఈ నాలుగేళ్లలో కుర్చీ బాగాలేదని ఒక్కరూ నా దగ్గరికి వచ్చి చెప్పలేదు. నడుం నొప్పి అని మెసేజ్ పెట్టి సెలవు తీసుకుంటారు, సాయంత్రానికి ఏ పెళ్లిలోనో ఫొటోల్లో ఉంటారు. ఇప్పుడు మా ఆఫీసులో అందరికంటే బాగా చేసే అమ్మాయి రాజీనామా ఇచ్చింది. కారణం నడుం నొప్పట. ఇంకో కంపెనీలో నాలుగు వేలు ఎక్కువ ఇస్తున్నారని నాకు తెలుసు. అది దాచి నడుం మీద తోసింది. ఈ చర్చ మొదలుపెట్టింది అందుకే.

ఎల్4ఎల్5
అదీ సంగతి. అంటే కుర్చీకి లాభం ఉందా అని కాదు మీ ప్రశ్న. వాళ్లకి నొప్పి నిజంగా ఉందా అని. ఇది మొదటి పోస్టులోనే అడిగి ఉంటే ఇంత జీఎస్టీ చదివేవాళ్లం కాదు.

జమాఖర్చు
ఆయన అనుమానంలో తప్పేముంది? ఇన్నాళ్లూ నేను ఎందుకు వద్దంటున్నానో వినండి. మా అక్క కొడుకు చేరిన కంపెనీలో బీన్ బ్యాగులు, రంగురంగుల కుర్చీలు, గోడ మీద బొమ్మలు, అన్నీ ఉండేవి. నేను కూడా చూసి మురిశాను. పద్నాలుగు నెలలకి మూసేశారు. వాడికి మూడు నెలల జీతం ఈరోజుకీ రాలేదు. కుర్చీలు మాత్రం అప్పు ఇచ్చినవాడు లారీలో ఎక్కించుకుపోయాడు. 3.76 లక్షలు చేతిలో ఉంటే తలా 17 వేలు పంచండి. వాళ్లకేం కావాలో వాళ్లు కొనుక్కుంటారు.

ఎల్4ఎల్5
17 వేలు చేతికొస్తే ఇంటద్దెకో పిల్లల ఫీజుకో పోతుంది, ఎవడూ కుర్చీ కొని మీ ఆఫీసుకి మోసుకురాడు. మీ మేనల్లుడికి జరిగింది అన్యాయమే, కాదనను. కానీ అది అప్పు చేసి సోకు చేసినవాడి కథ. విరిగిన కుర్చీ మార్చమంటే సోకు కాదు కదా.

కౌంటర్_వెనక
నేను మళ్లీ వచ్చాను, ఈసారైనా చదవండి. నా కాళ్ల మీద నరాలు ఉబ్బి నల్లగా కనిపిస్తాయి. ఎమ్మారై అక్కర్లేదు, చీర కాస్త ఎత్తితే చాలు. అయినా మా ఫ్లోర్ ఇన్‌ఛార్జి ‘ఇంట్లో పని ఎక్కువైనట్టుంది’ అన్నాడు. కోళికోడ్ బట్టల షాపుల ఆడవాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 2018లో కేరళలో కూర్చునే హక్కు చట్టంలోకి వచ్చింది. 2021లో తమిళనాడులో వచ్చింది. ఫ్యాక్టరీలలో నిలబడి పనిచేసేవాళ్లకి వీలున్నప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాశారు. మా గోడవారగా కూడా ఒక స్టూలు ఉంది. దాని మీద ఎప్పుడూ చీరల కట్టలే ఉంటాయి, తీసి కూర్చుంటే సీసీ కెమెరాలో చూసి ఫోన్ వస్తుంది. బందరురోడ్డు గారూ, మీ అమ్మాయి మీ దగ్గరికి ఎందుకు రాలేదో నాకు తెలుసు. మీరేమంటారో ఆమెకి ముందే తెలుసు.

బందరురోడ్డు
నేను ఆ ఇన్‌ఛార్జి లాంటివాణ్ని కాదమ్మా.

కౌంటర్_వెనక
పెళ్లి ఫొటోల మాట అన్నది మీరే కదండీ.

పక్కబెంచి
...

*(మూడు రోజుల తర్వాత)*

బందరురోడ్డు
నిన్న మధ్యాహ్నం ఆ అమ్మాయి సెలవులో ఉంటే ఆమె సీట్లో కూర్చుని ఆడిట్ చేశాను. సీటు పైకి ఎత్తితే గంటకల్లా దిగిపోతోంది, నాలుగుసార్లు ఎత్తుకున్నాను. బల్ల 30 అంగుళాలు. ఆమె ఐదడుగులు ఉంటుందేమో. కీబోర్డు అందాలంటే కుర్చీ ఎత్తాలి, ఎత్తితే కాళ్లు నేలకి ఆనవు. కింద చూస్తే ప్రింటర్ పేపర్ అట్టపెట్టె ఉంది. పైభాగం రెండు కాళ్ల ఆకారంలో గుంటపడి, అంచులకి టేపు వేసి ఉంది. టేపు కూడా ఒకసారి వేసింది కాదు. నేను రోజూ ఆ వరసలోంచే నడుస్తాను, ఏదో చెత్త అనుకున్నాను.

సాయంత్రం ఫోన్ చేశాను. నాలుగు వేలు ఎక్కువన్నది నిజమేనని చెప్పింది. నొప్పి కూడా నిజమేనంది. కుర్చీ సంగతి టీమ్ లీడర్‌కి రెండుసార్లు చెప్పిందట, అతను నాకు చెప్పలేదు. ఉంటుందో లేదో సోమవారం చెప్తానంది. కొత్త మనిషిని పెట్టుకుంటే టార్గెట్ అందుకోవడానికి మూడు నెలలు పడుతుంది, 22 వేల జీతం చొప్పున 66 వేలు. నాలుగు కుర్చీలకి పైనే.

జమాఖర్చు
ఆమె ఉండదు. నాలుగు వేలు నాలుగు వేలే.

ఎల్4ఎల్5
ఉండకపోయినా ఆ సీట్లో రేపు ఇంకొకరు కూర్చుంటారు.

మెష్‌బాబాయ్
ముందు ఆరు తీసుకోండి, రెండు సైజుల్లో. వారం వాడి నచ్చకపోతే వెనక్కి తీసుకుంటా. నా దగ్గర కొనకపోయినా ఫర్వాలేదు, ఎక్కడైనా ఇదే మాట మాట్లాడుకోండి.

బందరురోడ్డు
ఆరు చెప్పాను, ఎవరికి ఏ సైజో వాళ్లనే కూర్చుని చూసుకోమంటున్నాను. పాదాలు పెట్టుకునే బల్లలు ఏడెనిమిది కావాలి, విజయవాడలో ఎక్కడ దొరుకుతాయి? ఆన్‌లైన్‌లో చూసినవి ప్లాస్టిక్, జారుతున్నాయట.

కౌంటర్_వెనక
వడ్రంగి చేత చెక్కతో చేయించండి, కొంచెం వాలుగా. కింద రబ్బరు కొట్టమనండి.

జమాఖర్చు
కుర్చీల బిల్లు మీ జీఎస్టీ నంబరు మీదే తీసుకోండి. వడ్రంగిది ఎలాగూ రాదు.