వారం వారం రాసే విచ్‌క్రాఫ్ట్ జర్నల్: పేజీలో ఏం ఉండాలి?

కుంచెకొస:

బొమ్మలు వేస్తాను, విచ్‌క్రాఫ్ట్ సాధన కూడా ఉంది. ప్రతి ఆదివారం సాయంత్రం ఆ వారం గురించి ఒక పేజీ రాస్తాను: మూడు టారో కార్డులు (జోస్యానికి వాడే బొమ్మల కార్డులు), వెలిగించిన కొవ్వొత్తి, గీసిన సిజిల్ (కోరికలోని అక్షరాలు కలిపి చేసే గుర్తు), బొమ్మ పని ఎంతవరకు వచ్చిందో. చిక్కల్లా పేజీలన్నీ ఒకేలా తయారవడమే. "ఎనర్జీ బాగుంది", "మనసు బరువుగా ఉంది" లాంటి మాటలే కనిపిస్తున్నాయి. తిరగేస్తే ఏది ఎందుకు చేశానో తెలియట్లేదు. పేజీలో తప్పనిసరిగా ఏవి ఉండాలి? వారం లెక్కన రాయాలా, చంద్రుడి లెక్కనా? సిజిల్‌ను గీశాక మర్చిపోవాలంటారు కదా, మరి పుస్తకంలో ఎలా ఎక్కించుకోవాలి? ఎండుటాకులు, మైనం పేజీలకే అంటిస్తున్నాను, పుస్తకం ఉబ్బిపోతోంది. దానికీ దారి చెప్పండి.

నల్లసిరా:

పేజీని రెండు విడతల్లో రాయండి, సగం సమస్య అక్కడే తీరుతుంది. కార్డులు వారం మొదట్లో తీయాలి, వారం ముగిశాక కాదు. గడిచిపోయిన వారానికి ఏ కార్డు తీసినా అతుకుతుంది, అందుకే అన్ని పేజీలూ ఒకేలా కనిపిస్తాయి. మొదటి రోజు పై సగం నింపి, కింది సగం ఖాళీగా వదలండి. ఏడో రోజున అది నింపాలి, పై సగంలో ఒక్క అక్షరం కూడా దిద్దకూడదు.

కార్డు దగ్గర ముందు అర్థం రాయొద్దు, కంటికి కనబడింది రాయండి. ఉదాహరణకి 1909లో వచ్చిన రైడర్-వెయిట్ డెక్‌లో (టారో కార్డుల కట్టలో) ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్ అనే కార్డు: బల్ల మీద కూర్చున్న పనివాడు, చేతిలో సుత్తి, వెనకాల ఎక్కడో దూరంగా ఊరు. మీ చూపు ముందు సుత్తి మీద పడిందా, ఊరి మీదా? ఆ ఒక్క వాక్యం రాయండి చాలు. నేర్చుకున్న అర్థం దాని కింద వేరే వరసలో. ఆ డెక్‌లో చిత్రకారిణి పమేలా కోల్మన్ స్మిత్ చిన్న కార్డులకు (అంకెల కార్డులకు) కూడా పూర్తి దృశ్యాలు గీశారు కాబట్టి ఇది కుదురుతుంది. పాత ఫ్రెంచి మార్సేయ్ తరహా డెక్ అయితే చిన్న కార్డుల్లో దృశ్యం ఉండదు, అంకె, జాతి (కప్పులు, కత్తులు లాంటి గుర్తు), రంగు రాసుకోవాలి.

కొవ్వొత్తి, సిజిల్ లాంటి చేసిన క్రియకు ఇవి ఉండాలి: తేదీ, గంట, ఒకే వాక్యంలో సంకల్పం, వాడిన వస్తువులు కొలతలతో, ఎంతసేపు, మధ్యలో ఏం ఆగింది, ఫలితం ఏ తేదీకి చూడాలి. "పని బాగా సాగాలి" అని రాస్తే సాగిందో లేదో ఎవరూ తేల్చలేరు. "వచ్చే అమావాస్యలోపు నాలుగు స్కెచ్‌లు" అంటే తేలుతుంది.

కొవ్వొత్తి మంట ఊగిందని సూచనగా రాసేముందు వత్తి చూడండి. 6 మిల్లీమీటర్లకన్నా పొడవుంటే మంట పొగ కక్కుతూ ఊగుతుంది. గాలి తగిలినా అంతే. వత్తి చుట్టూ గుంటపడి కరిగిన మైనం నిండితే దానంతటదే ఆరిపోతుంది. ఇవేవీ కావని తేలాకే దాన్ని సూచనగా ఎక్కించండి.

పౌర్ణమిపేజీ:

వారమా, చంద్రుడా అన్నదానికి: రాసే రోజు వారం లెక్కన, పేజీ తలకట్టు చంద్రుడి లెక్కన. అమావాస్య నుంచి అమావాస్యకు సగటున 29.53 రోజులు. నాలుగు వారాలంటే 28 రోజులే. అంటే ప్రతి నాలుగు వారాలకూ ఒకటిన్నర రోజు జారుతుంది, ఈ ఆదివారం పౌర్ణమైతే పన్నెండు వారాల తర్వాతి ఆదివారానికి ఇంకా నిండని చంద్రుడు ఉంటాడు. కేవలం చంద్రకళల్ని (అమావాస్య, సగం చంద్రుడు, పౌర్ణమి) పట్టుకుని రాద్దామంటే, ఒక కళ నుంచి ఇంకోదానికి ఒకసారి ఏడు రోజులకు తక్కువ, ఒకసారి ఎనిమిది దాకా పడుతుంది. అలవాటు నిలబడదు. రోజు ఖాయం చేసుకుని, పైన "అమావాస్య తర్వాత 9వ రోజు" అని రాసుకోండి.

ఏ రోజంటే నేనైతే బుధవారం అంటాను. గ్రహాల వరసలో బుధుడిది రాత, శుక్రుడిది కళ. బొమ్మల మీద క్రియ శుక్రవారం చేసి, దాని గురించి బుధవారం రాస్తే మధ్యలో ఐదు రోజుల ఎడం దొరుకుతుంది. ఆ ఎడం చాలా అవసరం. చేసిన రాత్రే రాసినదాంట్లో ఉత్సాహమే ఎక్కువ.

మూడోకొమ్మ:

సిజిల్ సంగతి. ఇంగ్లీషు చిత్రకారుడు, తాంత్రికుడు ఆస్టిన్ ఉస్మాన్ స్పేర్ 1913లో అచ్చువేసిన పద్ధతిలో అక్షరాలు కలిపి గుర్తు చేయడం ఎంత ముఖ్యమో, కోరికను బుద్ధి నుంచి తీసేయడమూ అంతే ముఖ్యం. జర్నల్‌లో గుర్తు పక్కనే కోరిక రాస్తే వారం వారం దాన్ని మళ్ళీ తలుచుకున్నట్టే. కోరికను వేరే కాగితం మీద రాసి, దానిమీదే సిజిల్ గీసి, కవరులో పెట్టి జిగురుతో మూసేయండి. పేజీలో "కవరు 3, తెరిచే తేదీ ఫలానా" అని మాత్రమే ఉండాలి.

తెలుగులో గీసేవాళ్ళకి ఒక మాట. గుణింతాలు, ఒత్తులు విప్పి మూలాక్షరాలు తీసుకోండి. "బొమ్మలు పూర్తయ్యాయి" అంటే బ, మ, మ, ల, ప, ర, త, య, య, య. మళ్ళీ వచ్చినవి కొట్టేస్తే బ, మ, ల, ప, ర, త, య మిగులుతాయి. తలకట్లు కూడా తీసేసి వంపుల్ని ఒకదాంట్లో ఒకటి ఇమిడ్చండి. మన అక్షరాలన్నీ గుండ్రన కాబట్టి ఏడెనిమిది దాటితే ముద్దయిపోతుంది. వాక్యాన్ని చిన్నది చేయండి, అక్షరాల్ని ఇరికించొద్దు.

ఆకుల విషయంలో తొందర పనికిరాదు. పీల్చుకునే కాగితాల మధ్య బరువు కింద పెట్టి, మొదటి నాలుగైదు రోజులు కాగితం రోజూ మార్చాలి. ఒకటి రెండు వారాల తర్వాత వంచితే పుటుక్కున విరగాలి. వంగిందంటే తడి ఉన్నట్టే, పేజీలో బూజు పడుతుంది. జిగురు పూయకుండా కాడ మీదుగా సన్నటి కాగితం పట్టీ వేయండి. మైనం నేరుగా వద్దు, నూనె మరక వెనక పేజీకి దిగుతుంది, ఎండాకాలం ఎదురు పేజీకి అంటుకుంటుంది. కరిగిన మైనం ఆకారం పెన్సిల్‌తో గీసుకోండి, బొమ్మలు వేసే చేయి కదా. ఉప్పు అసలే వద్దు, చెమ్మ లాగుతుంది. ఉబ్బు తగ్గాలంటే ప్రతి నాలుగైదు కాగితాలకొకటి కుట్టు దగ్గర రెండు సెంటీమీటర్లు వదిలి కత్తిరించండి.

కుంచెకొస:

అందరికీ ధన్యవాదాలు. పాత పేజీలు ఎప్పుడెప్పుడు తిరగేయాలి?

నల్లసిరా:

పదమూడు వారాలకొకసారి. వేరే రంగు సిరాతో, అంచుల్లో మాత్రమే. తేదీ వచ్చిన కవర్లు అదే రోజు తెరిచి, జరిగింది, జరగలేదు, సగం జరిగింది అని మూడింట్లో ఒకటి రాయండి. మూడు నాలుగు సార్లు నిలబడిన పద్ధతినే బుక్ ఆఫ్ షాడోస్‌లోకి (సాధకులు తమ క్రియల్ని రాసుకునే శాశ్వత పుస్తకంలోకి) ఎత్తి రాయండి, మిగతావి ఈ పుస్తకంలోనే ఉండనివ్వండి.