ఈసీఈ తర్వాత ఎమ్మెస్: కంప్యూటర్ సైన్సా, కంప్యూటర్ ఇంజినీరింగా?

ప్రశ్న: మాది గాజువాక. బీటెక్ ఈసీఈ ఫైనల్ ఇయర్. అమెరికాలో ఎమ్మెస్ చేద్దామనుకుంటున్నాను. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే "కంప్యూటర్ ఇంజినీరింగ్ వద్దు, దానికి ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి) తక్కువ, సీఎస్ పెట్టు" అన్నారు. నిజమేనా అన్నా? జర్మనీ కూడా చూస్తున్నాను. లోన్ అంటే నాన్నకి టెన్షన్.

జవాబు: ఆ మాట నమ్మకు తమ్ముడూ. రెండూ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సులే. 12 నెలల ఓపీటీ, ఆపైన 24 నెలల పొడిగింపు రెండింటికీ ఉంటాయి. అసలు చూడాల్సింది యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఉండే సీఐపీ కోడ్, అంటే కోర్సు ఏ విభాగమో చెప్పే నంబరు. 14.0901 అంటే కంప్యూటర్ ఇంజినీరింగ్, 11.0701 అంటే సీఎస్. తమ కోర్సుకి ఏ కోడ్ ఇస్తారో యూనివర్సిటీకే మెయిల్ పెట్టి అడుగు.

నీ మార్కుల షీట్లు ముందేసుకుని కూర్చో. డిజిటల్ ఎలక్ట్రానిక్స్, మైక్రోప్రాసెసర్లు, వీఎల్‌ఎస్‌ఐ బాగా వచ్చాయా? అయితే కంప్యూటర్ ఇంజినీరింగ్‌లో చెప్పే ఆర్కిటెక్చర్, ఎంబెడెడ్ సిస్టమ్స్ నీకు కొత్తగా ఉండవు. సీఎస్‌కి చాలాచోట్ల డేటా స్ట్రక్చర్స్, అల్గారిథమ్స్, ఓఎస్ చదివావా అని చూస్తారు. చదవకపోతే ముందు ఆ సబ్జెక్టులు పూర్తి చెయ్యమనవచ్చు, వాటి ఫీజూ డాలర్లలోనే. ఏసీ గదిలో కాఫీ ఇచ్చి మరీ కూర్చోబెట్టేవాళ్ళు ఈ సంగతి ఎత్తరు.

ఇంకోటి. "చేరిన రోజు నుంచే సీపీటీ (చదువుతుండగానే పనిచేసే అనుమతి)" అని ఊరించే కాలేజీల జోలికి పోకు. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు వాడేస్తే ఆ డిగ్రీకి ఇక ఓపీటీ ఉండదు.

ఇంకొకరి జవాబు: జర్మనీ సంగతి నేను చెప్తాను బాబూ, మా తమ్ముడు అక్కడే చదువుతున్నాడు. ముందు ఏపీఎస్ సర్టిఫికెట్ కావాలి, అంటే మన చదువు పత్రాలు అసలైనవేనని తేల్చి ఇచ్చేది. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనవాళ్ళకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి వసూలు చేస్తోంది, మాస్టర్స్‌కి సెమిస్టర్‌కి 4,000 లేదా 6,000 యూరోలు. ఖర్చులకి డబ్బుందని వీసాకి చూపే బ్లాక్డ్ అకౌంట్‌లో వేసే 11,904 యూరోలు ఫీజు కాదని మీ నాన్నగారికి చెప్పు. అది నీ డబ్బే, అక్కడికి వెళ్ళాక నెలకి 992 చొప్పున నీ చేతికే వస్తుంది.

ప్రశ్న: థాంక్స్ అక్కా. అన్నా, అమెరికా వీసా ఇంటర్వ్యూకి ముందు కట్టే సెవిస్ ఫీజు ఇప్పుడే కట్టెయ్యమంటున్నారు కన్సల్టెన్సీవాళ్ళు, కట్టనా?

జవాబు: ఐ-20 రాకుండా ఎలా కడతావు? దాని మీద ఎన్‌తో మొదలయ్యే నంబరు ఉంటుంది, అది కొడితేనే వెబ్‌సైట్ 350 డాలర్లు తీసుకుంటుంది. నువ్వే కట్టు, రసీదు ప్రింట్ తీసి హైదరాబాద్ ఇంటర్వ్యూకి పట్టుకెళ్ళు.