యాభై వేలలో మొదటి పీసీ: గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడేనా, తర్వాతా?

గుంటూరు_సివిల్
అన్నలకి, అక్కలకి నమస్తే. బీటెక్ సివిల్, రెండో ఏడు. నాన్న పాత ల్యాప్‌టాప్‌తో ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చా, ఇప్పుడు బిల్డింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ రెవిట్ తెరిస్తే చాలు, దాని పని అయిపోతోంది. యాభై వేలు ఇస్తా, ఆపైన రూపాయి అడగొద్దన్నారు నాన్న. మానిటర్ మామయ్య వాళ్ళింట్లో ఖాళీగా ఉంది, అది తెచ్చుకుంటా. పనులేమో ఆటోక్యాడ్, రెవిట్, రాత్రిళ్ళు వాలరెంట్ ఆట.

బెజవాడ ఏలూరు రోడ్డులో ఒక షాపులో ఎస్టిమేట్ వేయించా. ఐ3-12100ఎఫ్ ప్రాసెసర్, హెచ్610 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఒకటే స్టిక్, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, నాలుగు రంగుల లైట్ల ఫ్యాన్లున్న గాజు క్యాబినెట్, "500 వాట్స్ ఎస్‌ఎంపీఎస్" (లోపలి పార్టులకి కరెంటిచ్చే డబ్బా). జీఎస్టీతో 51 వేలు, ఆ వెయ్యి తగ్గిస్తానన్నాడు. మా క్లాస్‌మేట్ మాత్రం కార్డు వద్దంటున్నాడు. రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ తీసుకుంటే గ్రాఫిక్స్ అందులోనే ఉంటుంది, కార్డు ఉద్యోగం వచ్చాక కొనుక్కోవచ్చు అంటాడు. ఏది తీసుకోమంటారు?

కృష్ణలంక_కుర్రోడు
కార్డు ఇప్పుడే కొనెయ్ తమ్ముడూ. తర్వాత కొందాంలే అనుకున్నవాళ్ళెవరూ కొనగా నేను చూళ్ళేదు. 5600జీ 2021లో వచ్చిన చిప్. "జీ" లేని 5600లో 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) ఉంటే దీన్లో సగమే. కార్డుకి డేటా వెళ్ళే పీసీఐఈ దారి కూడా 3.0 దగ్గరే ఆగిపోయింది. రేపు కార్డు పెట్టావనుకో, లోపలున్న వేగా గ్రాఫిక్స్ ఊరికే కూర్చుంటుంది, దానికి పోసిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరే. పైగా రెవిట్‌లో చాలా పనులకి కోర్లెన్ని ఉన్నాయన్న దానికంటే ఒక్కో కోరు ఎంత వేగంగా నడుస్తుందన్నదే లెక్క. అక్కడ 12100ఎఫ్ ముందుంటుంది.

బ్రాడీపేట_4/14
కృష్ణలంక బ్రదర్ చెప్పినదాంట్లో అబద్ధం లేదు గానీ అసలు విషయం వదిలేశాడు. "ఎఫ్" ఉన్న ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండదు. కార్డు పాడైన రోజున పీసీ మొత్తం మూలన పడ్డట్టే, బొమ్మే రాదు. వారంటీకి పంపి, అది తిరిగొచ్చేదాకా సబ్మిషన్లు ఎక్కడ చేసుకుంటాడు? నెట్ సెంటర్‌లోనా?

ఇంకోటి. 5600జీ తీసుకుంటే ర్యామ్ ఒకటే స్టిక్ పెట్టకు, రెండు ఎనిమిదులు పెట్టు. దాని గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, నీ ర్యామే వాడుకుంటుంది. 3200 స్పీడు ర్యామ్ ఒక స్టిక్ అయితే సెకనుకి 25.6 జీబీ దాకా, రెండయితే 51.2 దాకా ఇవ్వగలదు. ఆ తేడా ఆటలో కంటికే తెలుస్తుంది.

పటమట_పిక్సెల్
ఇంకా ఆ 5600జీ ఎక్కే పాత ఏఎం4 సాకెట్ గోలేంటి? 2022లో ఏఎం5 వచ్చింది, 2027 దాకా సపోర్ట్ ఉంటుందని ఏఎండీనే చెప్పింది. దాన్లో ఎక్కే రైజెన్ 5 8600జీ తీసుకో, ఐదేళ్ళు తిరిగి చూడక్కర్లేదు.

బ్రాడీపేట_4/14
దానికి డీడీఆర్5 తప్ప ఇంకోటి ఎక్కదు మహానుభావా. 2025 చివర నుంచి ర్యామ్ రేట్లు చూస్తున్నావా అసలు? ఏఐ డేటాసెంటర్లు చిప్స్ మొత్తం ఊడ్చుకుపోతున్నాయి. కుర్రాడి బడ్జెట్ యాభై.

గవర్నర్‌పేట_రిపేర్లు
మీరంతా ప్రాసెసర్ మీద కొట్టుకుంటున్నారు, ఆ ఎస్టిమేట్‌లో చివరి ముక్క ఎవరూ చదవలేదు. ప్రాసెసర్‌కి, బోర్డుకి, కార్డుకి మోడల్ నంబర్లు రాశాడు. ఎస్‌ఎంపీఎస్‌కి మాత్రం కంపెనీ పేరే లేదు, ఉత్త "500 వాట్స్". మా కొట్టుకి చచ్చి వచ్చే పీసీల్లో ముందు నేను విప్పి చూసేది దాన్నే.

బాబూ, షాపుకెళ్ళి డబ్బా చేతిలోకి తీసుకుని స్టిక్కర్ చూడు. పైన పెద్దక్షరాల్లో ఉన్న 500 కాదు, కింద గళ్ళలో +12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు రాశాడో చూడు. పేరులేని వాటిలో అక్కడ 18 ఉన్నవి చాలా చూశాను. పన్నెండు పద్దెనిమిదులు 216 వాట్లు. ప్రాసెసర్‌కైనా కార్డుకైనా అక్కణ్ణుంచే రావాలి. ఆర్‌ఎక్స్ 6600 ఒక్కటే 132 వాట్లు లాగుతుంది. 12100ఎఫ్ గట్టిగా పనిచేసేటప్పుడు 89 దాకా పోతుంది. కలిపితే 221. ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ నేనింకా కలపనే లేదు. కార్డుకి 8 పిన్నుల వైరు కావాలి, ఇలాంటి డబ్బాల్లో అదీ ఉండదు. మోలెక్స్ అనే పాత రకం కనెక్టర్ నుంచి కన్వర్టర్ తగిలించి ఇస్తారు, వేడికి ఆ ప్లాస్టిక్ పసుప్పచ్చగా మారి పెళుసెక్కిపోతుంది.

దానికి తోడు మన ఎండలు. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గది నలభైకి దగ్గర్లో ఉంటుంది, యూట్యూబ్‌లో వాళ్ళు టెస్ట్ చేసేది పాతిక డిగ్రీల గదిలో. ఆ పదిహేను డిగ్రీలూ నీ ప్రాసెసర్ మీద, కార్డు మీద, ఎస్‌ఎంపీఎస్ కెపాసిటర్ల మీద అదనంగా పడేవే. కరెంటు పోయి వచ్చేటప్పటి దెబ్బలు సరేసరి.

కార్డు ఇప్పుడు కొంటావో తర్వాత కొంటావో నీ ఇష్టం. ఎస్‌ఎంపీఎస్ మాత్రం పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు తక్కువ వృథా చేస్తుందన్న ముద్ర), 550 వాట్లది ఇప్పుడే తీసుకో. రేపు కార్డు పెట్టినా అది మార్చక్కర్లేదు. గాజు క్యాబినెట్ తీసేసి ముందు జాలీ ఉన్నది అడిగితే ఆ డబ్బు అక్కడే దొరుకుతుంది. ముందు గాజు మూసేస్తే లోపలికి గాలెలా పోతుంది?

కృష్ణలంక_కుర్రోడు
ఎస్‌ఎంపీఎస్ విషయంలో మాస్టారి మాటకి తిరుగులేదు. కార్డు మాట మాత్రం నేను వదలను. డబ్బు చాలకపోతే సెకండ్ హ్యాండ్‌ది తీసుకో, సగం రేటుకే వస్తుంది.

గవర్నర్‌పేట_రిపేర్లు
తీసుకోవచ్చు, చూసి తీసుకోవాలి. 2022 సెప్టెంబర్‌లో గ్రాఫిక్స్ కార్డులతో చేసే ఇథీరియం క్రిప్టో మైనింగ్ ఆగిపోయాక రాత్రింబగళ్ళు నలిగిన కార్డులు బోలెడు బజార్లోకొచ్చాయి. బెజవాడలో కొనేవాళ్ళు ఇంకోటి కూడా అడగాలి. 2024 సెప్టెంబర్‌లో, బుడమేరు పొంగినప్పుడు, ఈ కార్డు ఎక్కడుంది? సింగ్‌నగర్ వైపు ఎన్ని ఇళ్ళు మునిగాయో తెలుసుగా. అమ్మేవాళ్ళని తప్పుపట్టడం లేదు, పాపం వాళ్ళ నష్టం వాళ్ళది. స్క్రూల దగ్గర తుప్పు, హెచ్‌డీఎంఐ పోర్టు లోపల ఆకుపచ్చ మరక ఉంటే మాత్రం దణ్ణం పెట్టి వచ్చెయ్.

ఎన్జీవో_కాలనీ
ఇంత గొడవ ఎందుకండీ, ఆఫీసుల్లో తీసేసిన నాలుగో తరం ఐ5 డెస్క్‌టాప్‌లు పదివేలకి దొరుకుతుంటే.

బ్రాడీపేట_4/14
వాటికి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు సార్. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. పిల్లాడికి ఇంకా రెండేళ్ళ చదువుంది.

లక్ష్మీపురం_అక్క
నేను పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను, నా లెక్క వేరు. మీరిద్దరూ అటు 12100ఎఫ్, ఇటు 5600జీ పట్టుకుని కూర్చున్నారు. ఆ చివర "ఎఫ్" లేని ఐ5-12400 మీకెందుకు కనపడలేదు? ఆరు కోర్లు. కృష్ణలంక తమ్ముడు చెప్పిన ఒక్కో కోరు వేగం ఉంది. బ్రాడీపేట తమ్ముడు భయపడ్డట్టు కార్డు పోతే బొమ్మ ఆగదు, యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్ లోపలే ఉంది. తర్వాత కార్డు పెట్టినా పీసీఐఈ 4.0లో నడుస్తుంది. హెచ్610 బోర్డు అదే చాలు. కాకపోతే డీడీఆర్4ది, డీడీఆర్5ది వేరువేరుగా వస్తాయి, చూసి అడగాలి.

బ్రాడీపేట_4/14
యూహెచ్‌డీ 730, 5600జీలో ఉండే వేగా ముందు చాలదక్కా. జీటీఏ 5 ఆట హాయిగా ఆడలేడు.

లక్ష్మీపురం_అక్క
చాలదు, ఒప్పుకుంటా. వాడు అడిగింది వాలరెంట్. సెట్టింగ్స్ తగ్గించుకుంటే ఆడుకోవచ్చు. నాన్న డబ్బులిస్తోంది రెవిట్‌కి అనుకుంటున్నా మరి.

పటమట_పిక్సెల్
ఆ 12400 ఎక్కే ఎల్‌జీఏ1700 కూడా చచ్చిన సాకెట్టే. 14వ తరంతో ఆగిపోయింది.

గవర్నర్‌పేట_రిపేర్లు
చచ్చిన సాకెట్ల మీదే ఊరు మొత్తం నడుస్తోంది నాయనా.

గుంటూరు_సివిల్
నిన్న మళ్ళీ షాపుకెళ్ళా. ఆ ఎస్‌ఎంపీఎస్ చూపించమంటే ముందు నవ్వాడు, తర్వాత తీశాడు. 12 వోల్టుల దగ్గర 17 ఆంపియర్లు. మాస్టారు చెప్పినదానికంటే ఒకటి తక్కువే. కొత్త ఎస్టిమేట్: ఐ5-12400, హెచ్610 డీడీఆర్4, రెండు 8 జీబీలు, అదే ఎస్‌ఎస్‌డీ, 550 వాట్ల బ్రాంజ్, జాలీ క్యాబినెట్. కార్డు లేదు. 42 వేలు.

గవర్నర్‌పేట_రిపేర్లు
మంచిది. ప్రాసెసర్ సీలున్న పెట్టెలోదే అడుగు, విడి ట్రే ముక్క వద్దు. దానికి కంపెనీ మూడేళ్ళ వారంటీ దొరకదు, అమ్మినవాడి మాటే దిక్కు. బిల్లు మీద ప్రతి పార్టుకీ సీరియల్ నంబర్ రాయించు. 600 వీఏ యూపీఎస్ ఒకటి కలుపు, సుమారు 360 వాట్లు మోస్తుంది, ఇప్పటికి చాలు.

కృష్ణలంక_కుర్రోడు
యూపీఎస్ పోగా మిగిలింది నాన్నకి తిరిగిచ్చావో, కార్డు మాట ఇక మర్చిపో తమ్ముడూ.

గుంటూరు_సివిల్
కొత్త ఎస్టిమేట్ ఇంట్లో ఇంకా చూపించలేదన్నా. వాళ్ళ దగ్గర పాతదే ఉంది.