సమస్య: జగ్గరాయఁడె ఘనుఁడు యాచముని కన్న

తిరుపతి (నిర్వాహకుడు): ఈ వారం తేటగీతి. పైన ఉన్నది ఆఖరి పాదం, ముందు మూడు పాదాలు మీవి. జకారానికి చకారంతో యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొంతన) కుదిరింది కాబట్టి నన్ను తప్పు పట్టే వీలు లేదు.

కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. చంద్రగిరి, వేలూరుల నుంచి ఏలిన విజయనగర రాజు వెంకటపతిరాయలు 1614లో పోయారు. తిరుమల గుడిలో కృష్ణరాయల విగ్రహం చూసి ఈయన్ని చూడకుండా క్యూలో నడిచిపోతుంటాం, ఆయనే. అన్న కొడుకు శ్రీరంగరాయలికి పట్టం కట్టి మరీ కన్నుమూశారు. రాణి బాయమ్మ తన కొడుకని చూపించిన పిల్లవాడి పక్షాన ఆమె పుట్టింటివాడు గొబ్బూరి జగ్గరాయడు తిరగబడి, కొత్త రాజును వేలూరు కోటలో బంధించాడు. ఎదురు నిలిచిన ముఖ్యుడు వెలుగోటి యాచమనాయుడు. 1616 చివర్లో తిరుచిరాపల్లి దగ్గర తోపూరులో తేలింది. జగ్గరాయడు అక్కడే హతమయ్యాడు. ఓడి చచ్చినవాణ్ణి ఘనుడనిపించాలి. అదీ చిక్కు.

పుత్తూరు: మొదటి బోణీ నాదే.

మధుర మూఁకలు, చెంజిదౌ మంది మెండు,
కోట చేతిది, వేలూరు కొలువు దనదె,
బలము లెక్కింప, సేనల బరువుఁ జూడ
జగ్గరాయఁడె ఘనుఁడు యాచముని కన్న

తిరుపతి: గణాలూ యతులూ శుభ్రం. రెండో పాదంలో "వేలూరు కొలువు" చక్కగా పడింది. మధుర, చెంజిలను ఏలే నాయకులు జగ్గరాయడి వైపే ఉన్నారు కాబట్టి చరిత్రకూ లోటు లేదు. కానీ సామీ, ఇది చిట్టా. సమస్యను విప్పలేదు, ఒప్పుకున్నారంతే.

శ్రీకాళహస్తి: నా దారి వేరు.

రాజుఁ జెఱసాలలో నుంచి రక్త మొలుక
నాలుబిడ్డలతోఁ గూల్చినట్టి కతనఁ
బాపమునఁ జూడ నన్యాయపథము నందు
జగ్గరాయఁడె ఘనుఁడు యాచముని కన్న

పుత్తూరు: అక్కయ్యా, నిందను పొగడ్తలా చెప్పడం బాగుంది. "నాలుబిడ్డల" దగ్గర ద్రుతంతో (పై పాదం చివరి నకారంతో) అతికిన తీరు మరీ బాగుంది. మూడో పాదంలో మాత్రం పాపమన్నా అన్యాయమన్నా ఒకటే కదా, ఒకటి పూరణకే వచ్చింది.

చిత్తూరు: పద్యం సంగతి మీరు చూసుకోండి. నాకు యుద్ధం సంగతి కావాలి. మా ఊరి నుంచి బస్సెక్కితే గంటలో వేలూరు కోట. ఆ కందకం చూసినవాడికి యాచముని ఇబ్బంది ఏమిటో అర్థమవుతుంది. దాన్ని ముట్టడించే బలం అతని దగ్గర లేదు. అందుకే దొంగదారులు వెతికాడు. బట్టలు ఉతికే మనిషి మూటలో పెట్టి శ్రీరంగరాయల కొడుకు, 12 ఏళ్ళ రామదేవుణ్ణి బయటికి తెచ్చాడు, ఇది అందరూ చెప్పుకునేదే. ఆ తర్వాతి కథ ఎవరూ ఎత్తరు. సొరంగంలోంచి రాజును తప్పించబోతే బయటపడింది, కాపలా పెరిగింది. కావలివాళ్ళను చంపించి విడిపించాలనుకున్నాడు, అదీ తెలిసిపోయింది. ఆ వెంటనే జగ్గరాయడు రాజును కుటుంబంతో సహా చంపించాడు. పోర్చుగీసు పాద్రి బరదాస్ 1616లో రాసిన ఉత్తరంలో ఇదంతా ఉంది. హత్య పాపం జగ్గరాయడిదే, సందేహం లేదు. కానీ సేనానిగా తూకం వేసేటప్పుడు యాచముని తొందరను కూడా తక్కెట్లో పెట్టాలి.

శ్రీకాళహస్తి: మాస్టారూ, ఊరికే కూర్చుంటే మాత్రం బతకనిచ్చేవాడా? ఆ మూట వల్లే కదా వంశం మిగిలింది. పట్టం కట్టడానికి ఒక పిల్లవాడు లేకపోతే తోపూరులో ఎవరి పేరు చెప్పి పోరాడతారు?

చిత్తూరు: అది ఒప్పుకుంటానమ్మా. మూట పథకం ఒక్కటీ వంద ఏనుగుల పెట్టు.

రేణిగుంట: కొత్తవాణ్ణి, టెన్షన్‌గానే పెడుతున్నా.

నదికి నడ్డుగ నిలిచిన కట్టఁ దెంచి,
పొలము లెండినఁ దన గెల్పె పుణ్య మనుచు,
మొండి పట్టున సిగ్గును మూల నెట్ట
జగ్గరాయఁడె ఘనుఁడు యాచముని కన్న

తిరుపతి: నాయనా, మొదటి పాదంలో యతి పోయింది. నకారానికి కకారం కుదరదు. "కదలు కావేరి నాపిన కట్టఁ దెంచి" అని చూడు. యతి నిలబడింది, నది పేరూ వచ్చింది. రెండో పాదం నీ వయసుకు గట్టిది, అలాగే ఉంచు.

చిత్తూరు: కుర్రవాడు అసలు చోటే పట్టుకున్నాడు. యాచముని వైపు వస్తున్న తంజావూరు పాలకుడు రఘునాథనాయకుడి సేనను అడ్డుకోవడానికి కావేరి ఆనకట్టను తెంచారని తంజావూరు కవులు రాశారు. రైతుకు అది ఘోరం. యుద్ధంలో ఎత్తుగడే, కానీ ఆలస్యపు ఎత్తుగడ. యాచముడూ రఘునాథుడూ చేతులు కలపకముందే ఒక్కొక్కరినీ విడిగా కొట్టాల్సింది. కలవనిచ్చి, అప్పుడు కట్ట తెంచుకుంటే ఏం లాభం? వేలూరులో మెరుపులా కదిలినవాడు తోపూరు దగ్గర కాచుకు కూర్చున్నాడు. నా లెక్కలో పట్టుకోవడంలో జగ్గరాయడు, వేలూరు తొందర పక్కన పెడితే ఓపిక పట్టడంలో యాచముడు.

చంద్రగిరి: నన్నూ రాయనిస్తారా?

చచ్చియును గెల్చె, సోదరు సంతు రాణి
యయ్యె; నిలిచియు యాచముఁ డలిగి తొలఁగెఁ;
గడకుఁ బెండ్లిపందిట లెక్క గట్టి చూడ
జగ్గరాయఁడె ఘనుఁడు యాచముని కన్న

పుత్తూరు: అబ్బ! ఇదేం పెళ్ళి?

చంద్రగిరి: తోపూరు తర్వాత రామదేవరాయలికి పట్టం కట్టారు కదా. జగ్గరాయడు పోయినా సోదరుడు ఎతిరాజు పోరు ఆపలేదు. చివరికి సంధి కోసం రామదేవుడు ఆ ఎతిరాజు కూతుర్నే పెళ్ళాడాడు. మూటలో ఎవరిని కాపాడాడో, ఆ రాజుకు పగవాడి ఇంటి పిల్లే రాణి. యాచమునికి అది మింగుడు పడలేదు.

శ్రీకాళహస్తి: "పెండ్లిపందిట లెక్క" అన్నచోట నవ్వొచ్చింది, వెంటనే బాధా వేసింది. "సంతు" అనే ఇంటిమాట సోదరుడి పక్కన ఎంత సహజంగా కూర్చుందో! "సోదరు" దగ్గర ఛందస్సు కోసం "సోదరుని"లో "ని" అక్షరాన్ని మింగేశారు, అయినా వదిలేస్తాను.

చిత్తూరు: పద్యానికి నా ఓటు కూడా దీనికే. వాదానికి మాత్రం కాదు. పెళ్ళి సంబంధం రాచకార్యం, సేనాపతి పని కాదు. అడిగింది సేనానుల గురించి. పైగా మనం ఇద్దరి మధ్యే తాడు లాగుతూ మూడోవాణ్ణి మరిచిపోయాం. రఘునాథుడు రాకపోతే యాచముడు తోపూరు దాకా వచ్చేవాడా?

తిరుపతి: మెప్పు చంద్రగిరికి, సవరణ మెప్పు రేణిగుంటకు. మాస్టారు అడిగినదాన్నే వచ్చేవారం సమస్య చేస్తాను. రఘునాథుడు స్వయంగా తెలుగు కవి కూడా కాబట్టి ఈసారి కందం. ఆరో గణం నలమో (నాలుగు లఘువులు) జగణమో (లఘువు, గురువు, లఘువు) అయి తీరాలి, రేణిగుంటా, ముందే చెబుతున్నా.