అప్‌డేట్: చార్మినార్ రూపాయి బరువు తక్కువ ఎందుకుందంటే

బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములుంటే, నా నిజాం చార్మినార్ రూపాయి (చార్మినార్ బొమ్మ ఉన్న హైదరాబాద్ సంస్థానపు వెండి నాణెం) 11.14 మాత్రమే తూగింది, నకిలీయా అని అడిగాను. కాదు. హైదరాబాద్ రూపాయి ప్రమాణమే సుమారు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. మిగతాది అరుగుదల.

అయస్కాంతం పరీక్షతో ఆగకండి, ఇత్తడి కూడా దానికి అంటుకోదు. కాటాపై నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, నాణేన్ని సన్నని దారంతో అడుగు తగలకుండా ముంచాను. రీడింగ్ 1.10 గ్రాములు, అంటే నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. 11.14ని దానితో భాగిస్తే సాంద్రత 10.13, ఈ మిశ్రమానికి దాదాపు 10.2 రావాలి, సరిపోయినట్టే. బుడగలు అంటుకుంటే రీడింగ్ పెరిగి అసలుది కూడా నకిలీలా తేలుతుంది.

మినార్ల గీతలు స్పష్టంగానే ఉన్నాయి. కానీ అంచున కొక్కెం అతికిన టంకం మచ్చ ఉంది, పైగా ఎవరో చింతపండుతో తోమేశారు. సేకర్తల ధర రాదు, వెండి ధరకు కాస్త పైన అంతే.