ఆడియో పనికి ముల్లున్న ఏసీ వోల్ట్‌మీటర్ ఏది తీసుకోవాలి?

బెజవాడ_డెక్:
అందరికీ నమస్కారం. ఇంట్లో పాత క్యాసెట్ డెక్‌లు, యాంప్లిఫయర్లు బాగుచేసుకుంటుంటాను. పోయిన నెల ఒక యాంప్‌కి సిగ్నల్ జనరేటర్ నుంచి 1 కిలోహెర్ట్జ్ ఇస్తే నా డిజిటల్ మీటర్ 2 వోల్టులు చూపించింది. 10 కిలోహెర్ట్జ్‌కి వెళ్లేసరికి అందులో సగం కూడా లేదు. ట్రెబుల్ (పై స్వరాలు) పోయిందనుకుని, ఒక దశ నుంచి ఇంకో దశకు సిగ్నల్ దాటించే కప్లింగ్ కెపాసిటర్లన్నీ పీకి కొత్తవి వేశాను. అయినా అంతే. చివరికి జనరేటర్‌ని నేరుగా మీటర్‌కే పెడితే అప్పుడూ పడిపోయింది! మీటర్‌తో వచ్చిన కాగితం తీసి చూస్తే ఏసీకి 45–450 హెర్ట్జ్ అని ఉంది. పైగా డెక్ హెడ్ వాలు సరిచేసే అజిమత్ స్క్రూ తిప్పుతుంటే అంకెలు గంతులేస్తాయి, ఎక్కడ ఆపాలో తెలియదు. అమ్మకానికి హెచ్‌పీ వాళ్ల పాత ముల్లు మీటర్లు 400ఈ ఒకటి, 3400ఏ ఒకటి కనిపించాయి. ఏది కొనమంటారు?

పాత_సోల్డర్:
కప్లింగ్ కెపాసిటర్ ఎండిపోతే పోయేది బేస్ బాబూ, ట్రెబుల్ కాదు. సరే, కొత్తవి పడ్డాయిగా, నష్టం లేదు.

నేను స్టూడియో మెయింటెనెన్స్‌లో ఉన్నన్నాళ్లూ ముల్లు మీటర్లతోనే బతికాను. మీ పనికి 400ఈ చాలు. 1 మిల్లీవోల్ట్ నుంచి 300 వోల్టుల దాకా రేంజీలు, 10 హెర్ట్జ్ నుంచి 10 మెగాహెర్ట్జ్ వరకు కొలుస్తుంది. రేంజ్ నాబ్ ఒక్క మెట్టు తిప్పితే 10 డీబీ (డెసిబెల్), అంటే వోల్టుల్లో సుమారు మూడు రెట్లు. అందుకే స్కేళ్లు 1, 3 అని ఉంటాయి. 0 డీబీఎం అంటే 600 ఓమ్‌ల మీద 1 మిల్లీవాట్, అంటే 0.775 వోల్టులు. నాలుగు రోజులు వాడితే లెక్క కట్టకుండానే డీబీలు చదివేస్తారు.

3400ఏ ట్రూ ఆర్ఎంఎస్, అంటే వేవ్ ఆకారం ఏదైనా అసలు ఆర్ఎంఎస్ విలువే కొలుస్తుంది. లోపల థర్మోకపుల్స్ (వేడిని వోల్టేజీగా మార్చేవి) ఉంటాయి. మంచి మీటరే, కానీ అవి కాలిపోయి ఉంటే మళ్లీ దొరకవు. 400ఈ కొలిచేది సగటు, చూపించేది సైన్‌వేవ్ ఆర్ఎంఎస్. కాబట్టి స్క్వేర్ వేవ్ ఇస్తే 11 శాతం ఎక్కువ చెబుతుంది, హిస్ (టేప్ బుస శబ్దం) కొలిస్తే సుమారు 1 డీబీ తక్కువ చెబుతుంది. అది గుర్తుంటే చాలు. హిస్ కొలవడమే మీ ముఖ్యమైన పనైతే మాత్రం 400ఎఫ్ఎల్ కోసం ఆగండి. కింది రేంజ్ 100 మైక్రోవోల్టులు, 100 కిలోహెర్ట్జ్ ఫిల్టర్ స్విచ్ కూడా ఉంటుంది.

కొనేముందు పవర్ ఆపి ముల్లు సున్నా మీద కూర్చుందో లేదో చూడండి. వేలితో మెల్లగా తట్టండి, అంటుకుంటుంటే వదిలేయండి. 50 హెర్ట్జ్ దగ్గర మీ డిజిటల్ మీటర్ నిజమే చెబుతుంది, దానితో పోల్చుకోండి. అమెరికా నుంచి వచ్చినదైతే వెనక 230 సెట్టింగ్ చూడకుండా ప్లగ్ పెట్టొద్దు.

కోఠి_గల్లీ:
అన్నా, అంత డబ్బు ఎందుకు? హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో 100 మైక్రోఆంపుల ముల్లు మీటర్ తెచ్చుకో. ఆప్‌యాంప్ (చిన్న యాంప్లిఫయర్ ఐసీ) ఫీడ్‌బ్యాక్‌లో నాలుగు డయోడ్ల బ్రిడ్జ్ పెట్టి, మధ్యలో మీటర్ కట్టు. నేను అలాగే చేసుకున్నా, 20 కిలోహెర్ట్జ్ దాకా బాగానే ఉంది. డబ్బా మాత్రం స్వీట్ల డబ్బా.

బెజవాడ_డెక్:
పాత_సోల్డర్ గారూ, 400ఈకే అడ్వాన్స్ ఇచ్చేశాను. ఒక్క సందేహం: నా దగ్గరున్న కార్ యాంప్ స్పీకర్ వైర్లకు కూడా పెట్టవచ్చా?

పాత_సోల్డర్:
ఆగండి! అది బ్రిడ్జ్ యాంప్ (స్పీకర్‌ని రెండు వైపుల నుంచీ నడిపేది) అయితే రెండు వైర్లూ లైవే. మీటర్ సాకెట్ బయటి రింగ్ ఎర్త్‌కి కలిసి ఉంటుంది. యాంప్ సప్లై ఎక్కడైనా ఎర్త్ అయి ఉంటే ఒక వైపు అవుట్‌పుట్ షార్టే. ఒక వైర్‌కీ, యాంప్ గ్రౌండ్‌కీ మధ్య కొలిచి రెట్టింపు చేసుకోండి.