జడ్చర్ల హైస్కూల్ల మా పోరనికి స్పెషల్ టీచర్‌ను అడగొచ్చునా?

జడ్చర్ల టైలరమ్మ:
అందరికి నమస్తే. నేను ఇంట్ల బ్లౌజులు కుడ్త. మా ఆయన పోలేపల్లి సెజ్‌ల కంపెనీ బస్సు నడుపుతడు. పెద్దోనికి 13 ఏండ్లు, బుద్ధి ఎదుగుదల తక్కువ. సదరం సర్టిఫికెట్ల వైకల్యం 60 శాతం అని రాసిన్రు. ఏడో తరగతి దాక మా ఊరి బడిల చదివిండు. ఆడ క్లాసుకు 18 మందే, సారు పక్కన కూసోని దిద్దిచ్చేటోడు. పేరు రాస్తడు, పదులు లెక్కపెడ్తడు, ఏ రంగు దారం అడిగినా తప్పకుంట అందిస్తడు.

జూన్ల టౌన్ హైస్కూల్ల ఏసినం. సెక్షన్ల 64 మంది. సెజ్ వచ్చినకాంచి కాలనీలు పెరిగినయి, ఒడిశా, బీహార్ పిల్లలు గూడ వస్తున్నరు, గదులు మాత్రం అన్నే. గంట గంటకు సారు మారుతడు. మొన్న నోట్‌బుక్ తెరిచి చూసిన. మొదటి పేజీల వాని పేరుంది. తర్వాత 11 పేజీలు గూడ అదే పేరు. హాజరు పట్టీల మాత్రం రోజూ ఉన్నడు.

అడిగితే "భవిత కేంద్రానికి పంపున్రి" అంటున్నరు. అది ఇసొంటి పిల్లలకు సర్కారు నడిపే సెంటర్. ఆటోకు రానుపోను 60 రూపాయలు, ఆడ అందరూ చిన్నపిల్లలు. బడిలనే వీళ్లకు క్లాస్ పెట్టుమంటే తప్పా?

నల్లగొండ ఐఈఆర్‌పీ (ప్రత్యేక అవసరాల పిల్లల రిసోర్స్ పర్సన్):
తప్పు కాదక్కా. భవిత నడుపుడు, బడులు తిరుగుడు, మంచంల ఉన్న పిల్లల ఇండ్లకు పోవుడు, సదరం క్యాంపులకు తోల్కపోవుడు అన్నీ మేమే. మీ బడికి వారానికి ఒకపారి వస్తే గొప్ప. అట్లని బడి చేతులు దులుపుకుంటే చెల్లదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ ప్రకారం వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నోళ్లకు 6 నుంచి 18 ఏండ్ల దాక ఇంటిదగ్గరి బడిలనో, కోరుకున్న స్పెషల్ స్కూల్లనో ఉచిత చదువు హక్కు.

2021ల సుప్రీంకోర్టు రజనీష్ కుమార్ పాండే కేసుల హైస్కూల్ కాడ 15 మందికి ఒక స్పెషల్ టీచర్ అన్నది. కిటుకు ఆ లెక్కలనే ఉంది. యూడైస్‌ల (బడి పిల్లల వివరాలు ఎక్కిచ్చే సర్కారు కంప్యూటర్ లెక్క) మీవాని ముందు సీడబ్ల్యూఎస్ఎన్ (ప్రత్యేక అవసరాల పిల్లగాడు) అని ఎక్కిందా చూడున్రి. ఎక్కకపోతే సర్కారు కంటికి ఆ బడిల అసొంటి పిల్లగాడే లేడు. రవాణా భత్యం గూడ లిస్టుల పేరుంటెనే.

పాలమూరు లెక్కల సారు:
అమ్మా, కోపం తెచ్చుకోకున్రి, మా బాధ గూడ వినున్రి. ఈ పిల్లల గురించి బీఈడీల ఒక్క పేపర్ సదివినం, అంతే. 45 నిమిషాలల్ల అరవై మంది నోట్‌బుక్కులే దిద్దలేను. పదో తరగతి రిజల్ట్ అడుగుతరు గాని వీళ్ల సంగతి నన్ను ఏ ఆఫీసరూ అడగలేదు.

కానీ వేరే గది ఇచ్చి పొద్దంత అండ్లనే ఉంచుడు నేను ఒప్పుకోను. నాలుగు నెలల్ల అది గోదాము అయితది, చూసిన. రెండు పీరియడ్లు స్పెషల్ టీచర్ కాడ, ఆటలు, తెలుగు, మధ్యాహ్న భోజనం అందరితోని ఉండాలె. వర్గమూలాల కాడ కూసోబెడితే వానికి శిక్షనే. చిల్లర లెక్క, గడియారం, బస్సు బోర్డు నేర్పాలె.

మిర్యాలగూడ నాయిన:
కాయిదాలు ఇప్పుడే సదురుకోన్రి చెల్లె. అదే చట్టం 17వ సెక్షన్ల పరీక్షకు అదనపు టైం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాష మినహాయింపు ఉన్నయి. మేం పదో తరగతి ఫీజు కట్టేటప్పుడు ఉరికినం, దవఖాన సుట్టు పదిపార్లు తిరిగిన.

జడ్చర్ల టైలరమ్మ:
నిన్న పోయిన. కంప్యూటర్ల మావాని ముందు "లేదు" అనే ఉంది! హెచ్ఎం మేడం ఆడనే దిద్దిచ్చింది. కూసోని లెక్కబెడ్తే బడి మొత్తంల తొమ్మిది మంది తేలిన్రు. ఇంకో ఆరుగురు గావాలె. బడి మానిపిచ్చి ఇంట్ల కూసోబెట్టిన ఇద్దరు ఆడపిల్లలు నాకెరుక, వాళ్లమ్మలు నా కాడనే బ్లౌజులు కుట్టిచ్చుకుంటరు. ఆదివారం బట్టలిచ్చే సాకుతోని పోత.